పెళ్ళి మేకప్ కిట్: ఖరీదైన బ్రాండ్లే కొనాలా, ఫ్యాన్సీ షాపువి సరిపోతాయా?

మీరు అడిగింది ఇదీ. మే నెలలో కాకినాడలో మీ పెళ్ళి. ముహూర్తానికి మేకప్ ఆర్టిస్టు వస్తారు. పెళ్ళికూతుర్ని చేసే రోజుకి, సత్యనారాయణ వ్రతానికి, రిసెప్షన్‌కి మాత్రం మీరే వేసుకోవాలనుకుంటున్నారు. చేతిలో 12,000 ఉన్నాయి. డాలస్‌లో ఉన్న మీ వదిన "మన ఊళ్ళో దొరికే చవకవి వేసుకుంటే మొహం పాడవుతుంది, నేను మంచి బ్రాండ్లు తెస్తాను" అంటున్నారు. మీ ఫ్రెండేమో "మన ఫ్యాన్సీ షాపువి చాలు" అంటోంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

సూటిగా చెబుతాను. ఒక్క ఫౌండేషన్ విషయంలో ధర చూడకండి, మీ రంగుకి కలిసేది కొనండి. అది 500కే దొరకొచ్చు, 4,000 కూడా కావచ్చు. మిగతావన్నీ 250 నుంచి 700 లోపు మామూలు బ్రాండ్లలో తీసుకోండి. 12,000 మొత్తం ఖర్చు పెట్టే అవసరం రాదు. చవకవి వాడితే మొహం పాడవుతుందన్నది నిజం కాదు. మొహాన్ని పాడుచేసేవి నకిలీవి, గడువు దాటినవి, మీ చర్మానికి పడనివి. పడనిది ఎంత ఖరీదైనదైనా పడదు.

నేను రాజమండ్రిలో 18 ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేస్తున్నాను. నా పెట్టెలో 250 రూపాయల కాటుకా ఉంది, 4,000 దాటిన ఫౌండేషనూ ఉంది. రెండూ ఎందుకున్నాయో చెబితే మీకు ఏది కొనాలో మీకే తెలిసిపోతుంది.

ముందు ధర సంగతి. ఫౌండేషన్ సీసా ఏదైనా తీసుకుని వెనకాల పదార్థాలు చదవండి. నీళ్ళు, సిలికోన్లు, టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్లు దాదాపు అన్నిట్లోనూ కనిపిస్తాయి. రంగునిచ్చేవి ఆ ఐరన్ ఆక్సైడ్లే. పసుపు, ఎరుపు, నలుపు ఆక్సైడ్లని ఎంత పాళ్ళలో కలిపారన్నదాన్ని బట్టి షేడ్ వస్తుంది. ఇవి అరుదైన సరుకులేం కావు. పైగా చవక బ్రాండు, ఖరీదైన బ్రాండు ఒకే ఇంటివి కావడం మామూలే. చవక బ్రాండైన మేబెలిన్‌ని లోరియల్ కంపెనీ 1996లో కొనేసింది. ఖరీదైన లాంకోమ్ కూడా అదే గ్రూపుది. రెండూ ఒకటేనని నేను అనడం లేదు. ఒక గ్రూపు పరిశోధనలో తెలుసుకున్నది వాళ్ళ చవక సరుకులోకి కూడా వస్తుంది కదా, అదీ నేను చెప్పేది.

మరి ఎక్కువ డబ్బు దేనికి పోతోంది? గాజు సీసాకి, పంపుకి, సువాసనకి, మాల్‌లో కౌంటర్ అద్దెకి, అక్కడ నిలబడే అమ్మాయి జీతానికి, ప్రకటనలకి. వీటితో పాటు నిజంగా పనికొచ్చేది ఒకటుంది: ఎక్కువ షేడ్లు. నా దృష్టిలో ఖరీదైన ఫౌండేషన్ కొనడానికి ఉన్న గట్టి కారణం అదే.

ఎందుకంటే మన దగ్గర అసలు కష్టం అక్కడే. ఫ్యాన్సీ షాపాయన త్వరగా అమ్ముడుపోయే షేడ్లే తెప్పిస్తాడు. అవి ఎక్కువగా తెలుపు వైపువే ఉంటాయి. కంపెనీ 15 షేడ్లు చేసినా మీ ఊరి షాపులో ఉండేవి మూడో నాలుగో. చామనచాయ వాళ్ళకి ఎలాగో ఒకటి కుదురుతుంది. ఇంకా నలుపు వాళ్ళకి అసలు ఉండదు. రెండేళ్ళ క్రితం ఒకమ్మాయి వచ్చింది. చక్కని నల్లటి చాయ, నిగనిగలాడే చర్మం. అప్పటిదాకా ఆమెకి ఎవరు మేకప్ వేసినా మొహం బూడిద రాసినట్టు ఉండేదట. మామూలు బ్రాండ్లలో ముదురు షేడ్లన్నీ తెప్పించి చూశాను, ఒక్కటీ కలవలేదు. చివరికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఓ పెద్ద బ్రాండు కౌంటర్లో తనకి సరిపోయే షేడ్ దొరికింది. వేశాక అద్దం దగ్గరికి జరిగి, దవడ కింద వేలితో తడుముకుని, "అక్కా, ఇది ఎక్కడ మొదలైందో తెలియట్లేదు" అంది. ఆ సీసాకి పెట్టిన ప్రతి రూపాయీ న్యాయమే. అలాంటి చర్మం వాళ్ళకి చవకది కొనుక్కోమని నేను ఎప్పటికీ చెప్పను.

కాబట్టి మీరు చేయాల్సింది షేడ్ చూసుకోవడం. మణికట్టు మీద చూడకండి, మొహం రంగు వేరు, చేతి రంగు వేరు. దవడ ఎముక మీద, బుగ్గ నుంచి మెడ వైపుకి మూడు షేడ్లు పక్కపక్కన గీతల్లా రాయండి. కలిసిపోయిన గీత కనిపించదు, అదే మీది. షాపులో లైట్లని నమ్మకండి. బయటికొచ్చి ఎండ పొడలో అద్దం పెట్టుకుని చూడండి. చూశాక వెంటనే కొనకండి. అరగంట ఆగండి. చాలా ఫౌండేషన్లు చర్మం మీద జిడ్డుతో, గాలితో కలిసి కాసేపటికి ముదురుతాయి, కొన్ని నారింజ వైపు తిరుగుతాయి. ఈ జబ్బు చవకవాటికీ ఉంది, ఖరీదైనవాటికీ ఉంది. అరగంట తరవాత కూడా కలిసే ఉంటే అప్పుడు డబ్బులివ్వండి.

కలిసిన షేడ్ చేతిలో ఉండగా ఇంట్లో పెద్దవాళ్ళు "ఒక్క నంబర్ తెల్లగా తీసుకోమ్మా, ఫొటోల్లో బావుంటుంది" అంటారు. దయచేసి వినకండి. తలంబ్రాలు పోసే ఫొటోలో మీ మొహం, మెడ, గోరింటాకు చేతులు ఒకే ఫ్రేములో ఉంటాయి. మొహం ఒక్కటే తెల్లగా ఉంటే ఆల్బమ్ తెరిచిన ప్రతిసారీ ముందు కనపడేది అదే. మీ చాయ మీదే, దాన్ని మార్చాల్సిన పని ఎవరికీ లేదు.

ఇంకో సంగతి కూడా చూసుకోండి. పెళ్ళికూతుర్ని చేసే రోజు నలుగు పెడతారు, పసుపు రాస్తారు. స్నానం చేసినా పసుపు చాయ చెంపల దగ్గర, మెడ ముడతల్లో ఉండిపోతుంది. దాని మీద ఫౌండేషన్ వేస్తే షాపులో కలిసిన షేడ్ ఇప్పుడు కలవదు, కొన్నది తప్పేమోనని కంగారు పడతారు. పసుపు రంగు సబ్బుకన్నా నూనెకి బాగా వదులుతుంది. కొబ్బరినూనె దూదితో మెల్లగా తుడిచి, తరవాత ఫేస్‌వాష్‌తో కడుక్కోండి. జిడ్డు పూర్తిగా పోయాకే మేకప్ మొదలుపెట్టండి.

ఇప్పుడు మీ వదినగారి సీసాల సంగతి. ముందు నా అనుభవం ఒకటి చెబుతాను. అమలాపురం దగ్గర ఓ పల్లెలో, మే నెల పెళ్ళి. అమ్మాయి అక్క అమెరికా నుంచి ఓ ఖరీదైన ఫౌండేషన్ తెచ్చింది. సీసా మీద మెరుపునిస్తుందని, తేమ నిలుపుతుందని రాసి ఉంది. అదే వేయమన్నారు. నేను చెప్పి చూశాను, విన్లేదు, వేశాను. వేసినప్పుడు ఎంత అందంగా ఉందో చెప్పలేను. కరెంటు లోవోల్టేజీ, పందిట్లో హోమం పొగ, చుట్టూ మూడొందల మంది. గంటన్నర తిరిగేసరికి ముక్కు పక్కన మేకప్ విడిపోయి కింద చర్మం కనబడింది, నవ్వు గీతల్లో పేరుకుపోయింది. టిష్యూ అద్ది, చెమట పీల్చి, పల్చగా పౌడర్ వేసి సర్దాల్సి వచ్చింది. ఆ పక్కనే కూర్చున్న తోటి పెళ్ళికూతురికి 500 రూపాయల మ్యాట్ (మెరుపు లేని) ఫౌండేషన్ వేశాను, తెల్లారి అప్పగింతల దాకా కదల్లేదు.

ఇందులో ధర తప్పేం లేదు. ఆ సీసా పొడి చర్మానికి, చల్లని పొడి గాలికి తయారైంది. గోదావరి ఉక్కపోతకి తయారైంది కాదు. మన వేసవికి చూడాల్సిన మాటలు: మ్యాట్, ఆయిల్ ఫ్రీ, లాంగ్ వేర్. వద్దనుకోవాల్సిన మాటలు: గ్లో, డ్యూయీ, ల్యూమినస్, హైడ్రేటింగ్. మీది బాగా పొడిచర్మం అయితే మాత్రం మ్యాట్ వేసే ముందు మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగండి, లేకపోతే ముక్కు దగ్గర పొట్టు లేచినట్టు కనిపిస్తుంది.

వదినగారిని కాదని బాధపెట్టక్కర్లేదు. ఫౌండేషన్ మాత్రం తేవద్దని చెప్పండి, ఎందుకంటే ఫొటో చూసి షేడ్ ఎంచడం నా వల్ల కూడా కాదు. మేకప్ అంతా అయ్యాక పైన కొట్టుకునే మంచి సెట్టింగ్ స్ప్రే ఒకటి తెమ్మనండి. దానికి షేడ్ గొడవ లేదు, ఉక్కలో మేకప్ కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది. ఆవిడ ప్రేమగా తెచ్చిందీ వాడినట్టవుతుంది, మీకూ పనికొస్తుంది.

కాంపాక్ట్, లూజ్ పౌడర్ దగ్గర నేను చేసిన తప్పు చెప్పాలి. మొదట్లో, ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడో నాలుగో ఏడో, కొత్తగా వచ్చిన తెల్లటి హెచ్‌డీ పౌడర్ ఒకటి చాలా డబ్బు పెట్టి కొన్నాను. రాత్రి రెండున్నర ముహూర్తం. అద్దంలో మచ్చ లేకుండా ఉంది. వారం తరవాత ఫొటోలు వచ్చాయి. ఫ్లాష్ పడిన ప్రతి ఫొటోలో ఆ అమ్మాయి కళ్ళ కింద రెండు తెల్లని అర్ధచంద్రాలు. ఆ పౌడర్లలో ఉండే సిలికా మామూలు వెలుతురులో కనిపించదు, ఫ్లాష్ వెలుగుని మాత్రం తిప్పి కొడుతుంది. వాళ్ళమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ బాధ. అప్పట్నుంచి ఏ పౌడర్ కొన్నా, ఎంతదైనా సరే, చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీసి చూడకుండా ఎవరికీ వేయను. మీరూ అలాగే చేయండి. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి కాపాడే శక్తి) ఎక్కువున్న ఫౌండేషన్లు, టైటానియం, జింక్ ఉన్న సన్‌స్క్రీన్లు కూడా ఫ్లాష్‌లో తెల్లబడతాయి. రాత్రి రిసెప్షన్‌కి వాటి అవసరమే లేదు. పౌడర్‌కి 300, 400 మించి పెట్టకండి, కాస్త పసుపు చాయ ఉన్నది తీసుకోండి.

కాటుక, ఐలైనర్, మస్కారా. వీటికి ఎక్కువ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. మన కంపెనీలకి కాటుక చేయడం కొత్త కాదు. లాక్మే 1952లో మొదలైంది, మన ఉక్కపోత, మన కళ్ళు వాళ్ళకి తెలుసు. 250, 300లో వచ్చే వాటర్‌ప్రూఫ్ కాటుక పెన్సిళ్ళు అప్పగింతల ఏడుపుని కూడా తట్టుకుంటాయి. మస్కారా అయితే తెరిచిన మూడు నుంచి ఆరు నెలల్లో పారేయాలి. ఆ బ్రష్ కళ్ళకి తగిలి మళ్ళీ చీకటి తడి గొట్టంలోకి వెళ్తుంది, లోపల సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆరు నెలల్లో పారేసేదానికి రెండు వేలు దేనికి? ఒక్క జాగ్రత్త: పేరూ ఊరూ లేని సుర్మాలు పెట్టకండి, కొన్నిట్లో సీసం ఉంటుంది.

లిప్‌స్టిక్ గురించి అందరూ "ఏది తిన్నా పోనిది చెప్పండి" అంటారు. రాసిన రెండు నిమిషాలకి ఆరిపోయి అంటుకోకుండా ఉండే లిక్విడ్ లిప్‌స్టిక్ తీసుకుని పదార్థాల్లో ఐసోడోడెకేన్, ట్రైమిథైల్‌సిలాక్సిసిలికేట్ అన్న రెండు పేర్లు వెతకండి. మొదటిది ఆవిరైపోతుంది, రెండోది పెదవి మీద పొరగా మిగులుతుంది. ఈ రెండూ 400 రూపాయల దాంట్లోనూ ఉంటాయి, 2,500 దాంట్లోనూ ఉంటాయి. ఆ పొర నీళ్ళకి పోదు, నూనెకి పోతుంది. అంటే గారె, పులిహోర, నెయ్యి వేసుకున్న పప్పన్నం తింటే ఎంత ఖరీదైనదైనా లోపలి వైపు ఊడుతుంది. తిన్నాక పెదవులు తుడుచుకుని మళ్ళీ పల్చగా రాయడమే మార్గం. అదే షేడ్ మీ దగ్గర ఉండాలి కాబట్టి చవకది కొనడమే మేలు.

ఐషాడో, బ్లష్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇప్పుడు 500లో వచ్చే ప్యాలెట్లు పదేళ్ళ క్రితం రెండు వేల వాటికన్నా బాగున్నాయి. రంగు చేతి మీద ఒక్క రాతకి పడితే చాలు. అంతకన్నా మెత్తటి స్పాంజి ఒకటి కొని, నీళ్ళలో ముంచి గట్టిగా పిండి ఫౌండేషన్ అద్దడం నేర్చుకోండి. వేళ్ళతో రుద్దిన 4,000 ఫౌండేషన్ కన్నా స్పాంజితో అద్దిన 500 ఫౌండేషన్ బావుంటుంది. పెదవుల చుట్టూ, కళ్ళ కింద నలుపు ఉంటే దాని మీద నేరుగా ఫౌండేషన్ వేయకండి, బూడిద రంగు తేలుతుంది. ముందు ఆ నలుపుని కప్పే నారింజ రంగు క్రీమ్, అంటే కరెక్టర్, చుక్కంత అద్దండి.

నకిలీల గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మొహం పాడైన కేసులు నేను చూసింది వీటితోనే. పెద్ద బ్రాండు పేరుతో 12 లిప్‌స్టిక్‌ల సెట్టు 600 అంటారు, "ఫస్ట్ కాపీ" అంటారు. మీకు ఖరీదైన బ్రాండు మోజు ఉండి డబ్బు సరిపోకపోతే దీని జోలికి మాత్రం వెళ్ళకండి, 300 రూపాయల అసలు సరుకు దీనికన్నా వెయ్యి రెట్లు మేలు. మన దేశంలో అమ్మే సౌందర్య సాధనం డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి. ఇవి కనిపించకపోతే డబ్బా కింద పెట్టేయండి.

మీరు మెడికల్ షాపులో మేకప్ సామాన్లు చూస్తే అక్కడే "పెళ్ళికి ముందు తెల్లబడే క్రీమ్" కూడా చూపిస్తారు. ముట్టుకోవద్దు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. పది రోజులు మొహం మెరుస్తుంది, మానగానే ఎర్రబడి మంట పుట్టి మొటిమలు తేలతాయి, సరిగ్గా పెళ్ళి నాటికి. పాదరసం కలిపిన తెల్లబరిచే క్రీములు కిడ్నీల దాకా దెబ్బ తీస్తాయి. ఆ డబ్బుతో మంచి సన్‌స్క్రీన్ కొనుక్కుని ఈ రోజు నుంచి పొద్దున పూట రాసుకోండి, పెళ్ళి నాటికి తేడా మీకే తెలుస్తుంది.

ఇక లెక్క. 30 మిల్లీలీటర్ల ఫౌండేషన్ సీసా పెళ్ళి స్థాయిలో ధారాళంగా వాడినా 30 సార్లు వస్తుంది. మీరు మూడు వేడుకలకి, తరవాత నాలుగైదు పెళ్ళిళ్ళకి వేస్తారు. సీసా మీద మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12 ఎం అని ఉంటుంది, అంటే తెరిచాక 12 నెలలే. 4,000 పెట్టి కొన్న సీసా ఎనిమిది సార్లు వాడి పారేస్తే ఒక్కసారికి 500 పడ్డట్టు. రోజూ ఆఫీసుకి వేసుకునే వాళ్ళకి ఆ లెక్క వేరు, వాళ్ళు ఖరీదైనది కొన్నా గిట్టుబాటే. మీరు రోజూ వేయనంటున్నారు కాబట్టి ఖరీదైన షేడే కలిస్తే ఆ బ్రాండులో చిన్న సైజు ఉందేమో అడగండి. కొన్ని కంపెనీలు మినీలు అమ్ముతాయి. గడువు దాటింది పొదుపు చేసి వాడకండి. నీళ్ళు, నూనె విడిపోయి, మైనం వాసన వచ్చే సీసాలు తెచ్చి "అక్కా, ఆరు వేలది, పారేయబుద్ధి కావట్లేదు" అన్న అమ్మాయిలు నాకు ఏటా కనిపిస్తారు. పారేయండి.

కొన్నవన్నీ కనీసం మూడు వారాల ముందే కొనండి. ప్రతి దాన్నీ చెవి వెనకాల రాసి రెండు రోజులు చూడండి. సువాసన ఎక్కువున్నవి దురద పెట్టే అవకాశం ఎక్కువ, ఖరీదైనవాటికే ఆ సువాసన ఎక్కువ ఉండటం కూడా చూశాను. తరవాత ఓ సెలవు రోజు మొత్తం మేకప్ వేసుకుని, ఏసీ ఆపేసి, వంటింట్లో ఓ గంట నిలబడి చూడండి. మీ పందిరి ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.

మీ మేకప్ ఆర్టిస్టుకి కూడా ఒక మాట చెప్పండి: బాసికం కట్టే చోట, నుదురు మీద, కణతల దగ్గర ఫౌండేషన్ పల్చగా వేసి పౌడర్‌తో బాగా అదమమని. ఆ దారం ఒరుసుకుని అక్కడే ముందు ఊడుతుంది. జీలకర్ర బెల్లం పెట్టాక ఆ నీరు నుదుటి మీదికి కారుతుంది, రుద్దకూడదు, అద్దాలి. అందుకని ఓ చిన్న సంచీ కట్టి తోటి పెళ్ళికూతురి చేతిలో పెట్టండి. అందులో మెత్తటి టిష్యూలు, మీ షేడ్ కాంపాక్ట్, అదే లిప్‌స్టిక్, బొట్టు బిళ్ళలు ఓ షీటు, మంచినీళ్ళు తాగడానికి ఓ స్ట్రా. పీటల మీద కూర్చున్నాక మీరు అడగలేరు, కాబట్టి ఎప్పుడు అద్దాలో ఆ పిల్లకి ముందే చూపించి ఉంచండి.